సహోదరుల వాకిలి

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు నుండి హైదరాబాదు వెళ్లినవారిలో కొందరు గోషామహల్ బారాదరిని చూసే ఉంటారు. కుతుబ్‌షాహీల చివరి సుల్తాను తానీషా కాలపు కట్టడమది. 1872లో అది ఫ్రీమేసన్ల చేతికి వచ్చింది. అప్పటికి మన గద్వాల, వనపర్తి సంస్థానాలు నిజాం ఏలుబడి కిందనే ఉన్నాయి. "మూసిన తలుపుల వెనుక వాళ్లేమి చేస్తారు?" అని అనేకులు అడుగుతారు. పుకార్లు పక్కనబెట్టి చరిత్రను చూద్దాం.

మేసన్ అంటే రాతిపని మేస్త్రి. ఆ పనివారి మూలమట్టాన్ని, వృత్తలేఖినిని గుర్తులుగా తీసుకొన్న సహోదర సంఘమిది. 1717లో లండనులో నాలుగు లాడ్జీలు కూడుకొనగా తమ గ్రాండ్ లాడ్జి పుట్టిందని వారు చెప్పుకొంటారు. భారతదేశపు గ్రాండ్ లాడ్జి 1961లో ఏర్పడింది.

ఇందులో చేరడమెలా? పురుషుడై ఉండాలి, దేవుడున్నాడని నమ్మాలి, తనంతట తానే కోరుకోవాలి. సభ్యులు అతని పేరు ప్రతిపాదిస్తారు, నడవడి విచారిస్తారు. తరువాత తెల్లగోళీలు, నల్లగోళీలతో రహస్యంగా ఓటు వేస్తారు. నల్లవి పడితే ప్రవేశం లేదు. ఒప్పుకొంటే తన మతగ్రంథం మీద ప్రమాణం చేసి, మూడు మెట్లు ఒకదాని తరువాత ఒకటి ఎక్కుతాడు.

అందరూ సహోదరులే అన్న ఆ సంఘంలో ఒక హిందువుకు ఏమి జరిగిందో గమనించండి. కలకత్తాలో ప్రసన్నకుమార్ దత్తు 1863లో దరఖాస్తు పెట్టుకొన్నాడు. హిందువులు ఒక్క దేవుణ్ణి నమ్మరనీ, కులం పాటించేవారు సహోదరులెలా అవుతారనీ ఆంగ్లేయ పెద్దలు అడ్డుపడ్డారు. తొమ్మిదేళ్లు పోరాడగా, గోషామహల్ మేసన్లకు దక్కిన ఆ 1872లోనే అతనికి ప్రవేశం దొరికింది.

మరి మన సంగతి? నాగర్‌కర్నూలు, వనపర్తిలలో పనిచేసి, 1937లో అమెరికన్ బాప్టిస్టుల నుండి గద్వాలను కూడా అందుకొన్న మెన్నొనైట్ బ్రదరెన్ మిషను పేరులోనే 'సహోదరులు' అన్న మాట ఉంది. ఇక్కడ చేరిక చాటుగా జరగదు. అందరి ఎదుట సాక్ష్యం, అందరి ఎదుట నీళ్లలో బాప్తిస్మం. గోళీల పెట్టె లేదు.

పెట్టె లేకపోయినా మనసులో నల్లగోళీ ఉండవచ్చు, ప్రియులారా. వచ్చే ఆదివారం మందిరపు వాకిట కొత్తవాడు నిలబడితే ముందుగా ఏమడుగుతాము? ఏ ఊరు, ఎవరి కొడుకువు, ఏ కులం అనియా? లేక పక్కకు జరిగి చాప మీద చోటిస్తామా? ఆ దత్తును ఆపినవారు కూడా సహోదరత్వాన్ని నమ్మినవారే. ఈ వారం దీనిని ధ్యానించండి.