చుక్కలు లెక్కపెట్టిన ఊరు

మూసాపేటలో రాత్రిపూట మిద్దె ఎక్కి చూస్తే పట్టుమని పాతిక చుక్కలు కానరావు. సైబరాబాదు దీపాల వెలుగు ఆకాశాన్ని కప్పివేసింది. కానీ ఇక్కడ మెట్రో ఎక్కి ఐదవ స్టేషనైన అమీర్‌పేటలో దిగితే, చేరువనే బేగంపేటలో, ఒకనాడు లక్షల నక్షత్రాలను లెక్కకట్టిన నిజామియా వేధశాల ఆవరణ ఉన్నది. నేడు అందులో ఆర్థిక, సామాజిక అధ్యయన సంస్థ నడుస్తున్నది.

నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఫిసల్‌బండలో ఆ వేధశాలను నెలకొల్పాడు. ఆయన మరణానంతరం నిజాం ప్రభుత్వం దానిని స్వీకరించి బేగంపేటకు తరలించింది. అప్పట్లో దేశదేశాల వేధశాలలు ఆకాశాన్ని పట్టీలుగా పంచుకొని ‘ఆస్ట్రోగ్రాఫిక్ కేటలాగు’ తయారుచేస్తుండేవి. ఖగోళ మధ్యరేఖకు దక్షిణాన 17 నుండి 23 డిగ్రీల నడిమి పట్టీ మన వంతుకు వచ్చింది. గాజుపలకలపై ఛాయాచిత్రాలు తీసి, ఒక్కొక్క చుక్క స్థానాన్ని కొలిచి వ్రాసే ఆ పని పోకాక్, ఆయన తరువాత టి.పి. భాస్కరన్ సారథ్యంలో ఏళ్ళ తరబడి సాగింది. కొలిచిన చేతుల్లో చాలావాటి పేర్లు మనకు తెలియవు.

ఆ ఓర్పు విలువ ఏమిటో మరొక కథ చెబుతుంది. ఒక తార మరొక తారకు సరిగ్గా అడ్డువస్తే, ముందున్న దాని గురుత్వాకర్షణ భూతద్దంలా పనిచేసి వెనుక తారను కొంతకాలం ప్రకాశవంతం చేస్తుంది. రూడీ మాండల్ అనే ఇంజనీరు పట్టుపట్టగా ఐన్‌స్టీన్ 1936లో ఈ లెక్కను ప్రచురించాడు. అయితే దీనిని చూసే ఆశ లేదని తానే తేల్చివేశాడు. ఆయన గణితం తప్పు కాదు. లక్షల చుక్కలలో ఏ ఒక్కదానికో పట్టే యోగమది.

1986లో పచిన్‌స్కీ ఆ నిరాశను తలక్రిందులు చేశాడు: ఒక్క తారను కాదు, లక్షల తారలను కనిపెట్టి ఉండమన్నాడు. ముందున్న తారకు గ్రహముంటే ఆ వెలుగురేఖపై చిన్న గంటు కనబడుతుందని 1991లో షూడే మావోతో కలిసి చూపాడు. 1993లో తొలి మెరుపులు దొరికాయి. ఈ పద్ధతిలో తొలి గ్రహం 2004లో వెల్లడైంది. 2005 ఆగస్టులో సుమారు ఒక్కరోజు నిలిచిన గంటు, భూమికి ఐదారు రెట్ల బరువున్న గ్రహాన్ని పట్టి ఇచ్చింది.

ఆ తారల కలయిక మనకు మళ్ళీ దక్కదు. ఆ రాత్రి ఎవరూ చూడకపోయి ఉంటే, మనకు ఆ గ్రహం లేనట్లే.

బేగంపేటవారు గ్రహాలను వెదకలేదు. కేటలాగు కోసం వారు కొలిచింది స్థానాలను, వెలుగుల హెచ్చుతగ్గులను కాదు. అయినా వారి అంకెలు వృథా కాలేదు: 2000లో వెలువడిన టైకో-2 పట్టిక, ఆస్ట్రోగ్రాఫిక్ కేటలాగు కొలతలను ఆధారం చేసుకొనే లక్షల నక్షత్రాల కదలికలను తేల్చింది. ప్రయోజనం తెలియకముందే శ్రద్ధగా వ్రాసిపెట్టినవారికి మనం ఎంత ఋణపడి ఉన్నామో, ఈసారి అమీర్‌పేటలో దిగినప్పుడు ఒక్క క్షణం తలచుకొందాం.