బంగారు పురుగు: తుమ్మచెట్టును నమ్ముకొన్న జీవి

బంగారు పురుగు దక్షిణ భారతదేశపు మెట్ట ప్రాంతాలలో వర్షాకాలంలో కొన్ని వారాలు మాత్రమే కంటికి కనిపించే పెంకుపురుగు. దాని రెక్కడిప్పలు పచ్చను పొదిగినట్లు మెరుస్తాయి. ఒకప్పుడు పల్లె పిల్లలందరికీ పరిచయమైన ఈ జీవిని నేడు వెదకి చూడవలసి వస్తున్నది.

పేర్లు

తెలుగువారు దీనిని బంగారు పురుగు అనీ, జీరంగి అనీ పిలుస్తారు. కన్నడంలో ఇది జీర్జింబె, తమిళంలో పొన్‌వండు. హోసూరు, కృష్ణగిరి, పావగడ వంటి చోట్ల ఇరుగుపొరుగు ఇళ్ల పిల్లలు ఒకే పురుగును వేర్వేరు పేర్లతో పిలవడం వింత కాదు. శాస్త్రజ్ఞులు దీనిని బ్యూప్రెస్టిడే కుటుంబంలో, స్టెర్నోసెరా ప్రజాతిలో చేర్చారు. గ్రీకు భాషలో ఆ మాటకు రొమ్ముకొమ్ము అని అర్థం. పురుగు రొమ్ము క్రింద ముల్లువంటి భాగం ఉండటమే అందుకు కారణం.

రూపం

దక్షిణాదిన ముఖ్యంగా రెండు జాతులు కనిపిస్తాయి. స్టెర్నోసెరా స్టెర్నికార్నిస్ అనే జాతికి లిన్నేయస్ 1758లో పేరు పెట్టాడు. ఇది నిలువెల్లా ఆకుపచ్చగా మెరుస్తుంది. ఒంటిపైనున్న చిన్న చిన్న గుంటలలో లేత పసుపు నూగు చుక్కలు చుక్కలుగా కనబడుతుంది. రెండవది స్టెర్నోసెరా క్రిసిస్. దీని మెడభాగం ఆకుపచ్చగా, రెక్కడిప్పలు చింతగింజ రంగులో ఉంటాయి. రెండూ సుమారు 4 సెంటీమీటర్ల పొడవు పెరుగుతాయి. ఇవి కుట్టవు.

ఆ మెరుపు వన్నెపూత వల్ల వచ్చినది కాదు. రెక్కడిప్పలో అతి పలుచని పొరలు అనేకం ఒకదానిపై ఒకటి పేర్చినట్లు ఉంటాయి. వాటిపై పడిన వెలుతురు తిరిగి వచ్చేటప్పుడు కొన్ని రంగులే బలపడతాయి. సబ్బు బుడగపై రంగులు కనిపించే తీరు ఇటువంటిదే. అందుకే పురుగు చనిపోయిన తరువాత కూడా రంగు వెలిసిపోదు. ఇంత మెరుపు శత్రువును పిలిచినట్లు కాదా అన్న సందేహానికి బ్రిస్టల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో సమాధానం చెప్పారు. మారుతూ ఉండే ఆ మెరుపు ఆకుల నడుమ పక్షి కంటిని ఏమార్చి, పురుగును కాపాడుతుందని వారి ప్రయోగాలలో తేలింది.

జీవితం

ఆడపురుగు చెట్టు మొదట మట్టిలో గుడ్లు పెడుతుంది. గుడ్లు పెద్దవి, సంఖ్యలో కొద్ది. పొదిగిన పిల్లపురుగు భూమిలోనే ఉండి వేళ్లను తింటూ పెరుగుతుంది. అక్కడే మట్టిగూడు కట్టుకొని రూపం మార్చుకొంటుంది. వానలకు నేల మెత్తబడగానే రెక్కలతో పైకి వస్తుంది. తుమ్మ జాతి చెట్ల ఆకులు తిని, జతకట్టి, గుడ్లు పెట్టి కొద్ది వారాలలో మరణిస్తుంది. దాని ఆయుష్షులో అధికభాగం మనిషి కంటపడకుండా నేలలోనే గడుస్తుంది.

రెక్కల వ్యాపారం

ఈ రెక్కడిప్పలను బట్టలపై కుట్టే కళ భారతదేశంలో పాతది. పందొమ్మిదవ శతాబ్దంలో హైదరాబాదు, మద్రాసులలో ఇలా కుట్టిన మస్లిన్ బట్టలు ఐరోపాకు వెళ్లాయి. 1888లో లండన్‌లో ఎలెన్ టెర్రీ అనే నటి లేడీ మాక్‌బెత్ పాత్రకు ధరించిన దుస్తులపై సుమారు వేయి రెక్కడిప్పలు కుట్టారు. ఆ దుస్తులు నేటికీ ఇంగ్లండులో భద్రంగా ఉన్నాయి. రెక్కల పచ్చదనం తగ్గలేదు.

చూచే విధం

తొలకరి తరువాత వానలు బాగా పడిన వారాలలో చెరువుకట్టలు, బీళ్లు, పొలం గట్లపై ఉన్న తుమ్మచెట్లను పరికించాలి. కొరికిన ఆకులు, క్రింద పడిన రెట్టలు పురుగు ఉన్నదనడానికి గుర్తులు. ఎండ పెరిగితే ఎగిరిపోతుంది కనుక ఉదయపు చల్లని వేళ అనుకూలం. కొమ్మను ఊపరాదు. అదిరితే పురుగు పట్టు వదిలి క్రింద పడిపోతుంది.

కాపాడవలసిన తీరు

దారం కట్టి ఎగురవేయడం, అగ్గిపెట్టెలో తుమ్మాకు వేసి పెంచడం పూర్వం పిల్లల ఆట. పట్టిన పురుగు ఆడదైతే, గుడ్లు పెట్టకముందే చనిపోతే, ఆ చెట్టు క్రింద మరుతరం ఉండదు. అంతకన్నా పెద్ద నష్టం చెట్టు నరకడం వల్ల, మొదలు చుట్టూ యంత్రాలతో లోతుగా త్రవ్వడం వల్ల కలుగుతుంది. పైన పురుగు కనబడకపోయినా, వేళ్ల దగ్గర దాని పిల్లలు ఉండవచ్చు. చెరువుకట్ట బాగుచేసేటప్పుడు, గట్టు చదును చేసేటప్పుడు ముదురు తుమ్మలను కొన్నింటినైనా వాటి మొదటి మట్టితో సహా కదపక వదిలితే మేలు. పురుగు కనిపించిన చెట్టును, తేదీని పిల్లలు నోటుపుస్తకంలో వ్రాసి ఉంచుకొంటే, మరుసటి వర్షాకాలంలో ఎక్కడ చూడాలో వారికే తెలుస్తుంది.