బొమ్మ గీసినవాడు ఎక్కడ నిలబడ్డాడు

హైదరాబాద్ శివారులో మా కిష్టారెడ్డిపేటలో కాగితం, పెన్సిలు పట్టుకొని రోడ్డు పక్కన నిలబడితే ముందుగా వినిపించే మాట "ఏ సర్వే నంబరు సార్?" తప్పు అడిగినవాళ్లది కాదు. బీరంగూడ కమాన్ దాటి ఇటు వచ్చే దారిలో ఏళ్ల తరబడి కాగితాలు పట్టుకొని తిరిగినవాళ్లు ప్లాట్లు అమ్మేవాళ్లో, భూమి కొలిచేవాళ్లో. నేను గీస్తున్నది చాయ్ బండినీ, దాని వెనక సగం లేచిన అపార్టుమెంటునూ అని చెబితే రెండో ప్రశ్న వస్తుంది: "దేనికి?"

హైదరాబాదు బొమ్మల్లోకి ఎక్కిన వైనం వెతుక్కుంటూ పోతే ఈ రెండు ప్రశ్నలూ అడుగడుగునా ఎదురయ్యాయి. అసలు కొలత కోసం గీసినవాళ్లే ఎక్కువ. ఊరికే గీసినవాళ్లు చాలా ఆలస్యంగా వచ్చారు.

తెలుగులో వీధిని ముందు పట్టుకున్నది కుంచె కాదు, పద్యం. వినుకొండ వల్లభరాయుడి పేరు మీద ఉన్న క్రీడాభిరామంలో గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి ఒక రోజంతా ఓరుగల్లు వీధుల్లో తిరుగుతారు. పూటకూళ్ల ఇల్లు, కోడిపందెం, పల్నాటి వీరుల కథ పాడే స్త్రీ, అన్నీ వాళ్ల కళ్లతో మనం చూస్తాం. (కావ్యం శ్రీనాథుడిదన్న వాదం ఒకటి ఉంది, దాన్ని పండితులకు వదిలేద్దాం.) నాకు ఆసక్తి కలిగించింది అందులోని వేశ్య మాచల్దేవి చిత్రశాల. గోడల నిండా దేవతల, మునుల ప్రణయ కథలు. కవి నడిచి వచ్చిన ఓరుగల్లు వీధి మాత్రం ఆ గోడ ఎక్కలేదు. నడిరోడ్డు పద్యానికి పనికొచ్చిందే గాని బొమ్మకు పనికిరాలేదు.

చేర్యాల నకాషీ పటం సంగతీ అంతే. వీధిలో విప్పి, వీధి జనానికి కథ చెప్పే బొమ్మ అది. ఎర్రటి నేల మీద వరుస తర్వాత వరుసగా కులపురాణం సాగిపోతుంది. ఇల్లు అంటే రెండు స్తంభాలు, ఒక కమాను. ఆ ఇల్లు ఏ ఊరిదైనా కావచ్చు.

గోల్కొండలోనూ చిత్రకారుడు కొలువులోనే నిలబడ్డాడు. 1687లో ఔరంగజేబు కోటను పట్టుకునే నాటికి అక్కడి చిత్రకారులు ఐరోపా వర్తకుల కోసం రాజుల, సర్దారుల రూపాలు వరసపెట్టి గీస్తున్నారు. అలాంటి ఒక సంపుటం ఆమ్‌స్టర్‌డామ్ నగర మేయరు నికొలాస్ విట్సెన్ చేతికి చేరింది. ఇప్పుడు అది అక్కడి రైక్స్ మ్యూజియంలో ఉంది. జామాలు, పట్కాలు, కత్తి ఒరల మీది పువ్వులు చక్కగా కనిపిస్తాయి. మనుషుల వెనక మాత్రం ఖాళీ. ఆ తర్వాత నిజాం అలీ ఖాన్ కొలువులో వెంకటాచలం, తజల్లీ అలీ షా గొప్ప పనివాళ్లు. వాళ్ల బొమ్మల్లోనూ దర్బారులు, వేటలు, మేడ మీది బిచాణాలే. చార్మినార్ 1591లో లేచింది. దాని కింద బేరమాడుతున్న మనిషి బొమ్మలోకి రావడానికి ఎన్ని తరాలు పట్టిందో చూడండి.

ఆ తర్వాత వచ్చిన తెల్లదొరలు ఊరి బయట నిలబడ్డారు. బ్రిటిష్ రెసిడెంటు జేమ్స్ ఎకిలిస్ కిర్క్‌పాట్రిక్ మూసీకి ఉత్తరపు ఒడ్డున రెసిడెన్సీ భవనాన్ని కట్టించాడు. కోఠి మహిళా కళాశాలగా పేరుపడి, 2022లో విశ్వవిద్యాలయమైన ఆవరణలో ఉన్నది అదే. 1813లో కెప్టెన్ రాబర్ట్ మెల్విల్ గ్రిండ్లే దాన్ని గీశాడు. ఆ బొమ్మ పశ్చిమ భారత దృశ్యాల మీద అతను లండన్‌లో వేసిన పెద్ద పుస్తకంలో అచ్చయింది. ఎత్తయిన స్తంభాలు, వాటి ముందు విశాలమైన జాగా, కొలత కోసమా అన్నట్టు అక్కడక్కడా చిన్న చిన్న మనుషులు: ఆ కాలపు దొరల బొమ్మల పద్ధతి అది. నది అవతలి నగరం వాళ్లకు తరచూ దూరాన కనిపించే మినార్లే. గల్లీలోకి దిగి కూర్చునే తీరిక, చనువు వాళ్లకు లేవు.

దొరల్లో నాకు ఎక్కువ ఇష్టమైనవాడు కాలిన్ మెకంజీ. ఆయన సర్వేయరు, నిజాం రాజ్యాన్నీ కొలిచినవాడు. ఆయన పక్కన మనవాళ్లున్నారు: కావలి వెంకట బొర్రయ్య, తమ్ముడు లక్ష్మయ్య. ఊళ్ల చరిత్రలు చెప్పే కైఫీయతులు సేకరించిందీ, శాసనాలు చదివించిందీ వాళ్లే. మెకంజీ 1790ల చివర అమరావతి స్తూపాన్ని చూశాడు. మళ్లీ 1816లో వచ్చేసరికి, చింతపల్లి నుంచి రాజధానిని అక్కడికి మార్చిన జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి కట్టడాల కోసం ఆ రాళ్లలో చాలా భాగం కదిలిపోయింది. అప్పుడు చిత్రలేఖకులను కూర్చోబెట్టి మిగిలిన ఫలకాలను గీయించాడు. పగులు ఉన్నచోట పగులు, ముక్కు విరిగినచోట విరిగిన ముక్కు. ఆ సంపుటం ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. తర్వాత మాయమైన కొన్ని ఫలకాలకు ఆ గీతలే ఆధారం. సర్వే కోసం గీసిన బొమ్మ రాయి కంటే ఎక్కువ కాలం నిలిచింది. కిష్టారెడ్డిపేట జనం నన్ను సర్వేయరనుకుంటే నొచ్చుకోకపోవడానికి ఇదొక కారణం.

ఇక ఫొటో వచ్చింది. లాలా దీన్ దయాళ్ రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇందోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో నక్షాలు గీసే ఉద్యోగం చేసినవాడు. అక్కడే కెమెరా పట్టాడు. 1880లలో హైదరాబాద్ చేరాక ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆయనకు ఇచ్చిన బిరుదు ముసవ్విర్ జంగ్. ముసవ్విర్ అంటే బొమ్మలు గీసేవాడు. కెమెరావాడికి చిత్రకారుడి బిరుదు దక్కింది, చిత్రకారుడి పని కెమెరాకు పోయింది. రాజభవనాల లోపల కుర్చీలు, షాండ్లియర్లు ఎలా ఉండేవో ఆయన ఫొటోల గాజు పలకలే చెబుతాయి. భవనాన్ని ఉన్నదున్నట్టు చూపించే బాధ్యత గీతకు తప్పిపోయింది. అది మంచికే అనుకుంటాను.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని మింగింది. ఆ వరద తర్వాతే నగరం తన ఒళ్లు తాను తడుముకుంది. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పుట్టింది. ఆ చుట్టుపక్కల ఏళ్లలోనే లియొనార్డ్ మన్ నాయకత్వంలో గల్లీ గల్లీ కొలిచి నక్షాలు తయారు చేశారు. ఏ దేవిడీ (ప్రభువుల భవంతి) ఎంత జాగాలో ఉండేది, ఏ సందు ఎక్కడ మలుపు తిరిగేది అని ఈ రోజుకీ వారసత్వ కట్టడాల మీద పని చేసేవాళ్లు తెరిచేది ఆ షీట్లనే. బోర్డువాళ్లు పాత ఇళ్లు పడగొట్టి రోడ్లు వెడల్పు చేశారు, పత్తర్‌గట్టీ రాతి కమాన్లు లేపారు. కూల్చడం, కొలవడం ఇక్కడ ఒకే చేతి పనులు.

వీధి మాత్రం బొమ్మ కోసం ఇంకా ఎదురుచూస్తూనే ఉంది. దాన్ని చేరదీసింది పత్రికలు. బాపు 1950లలో ఆంధ్రపత్రికలో బొమ్మలు మొదలుపెట్టాక అరుగు, వీధి గుమ్మం, రిక్షా, పక్కింటి పిన్నిగారి చీర కుచ్చెళ్లు అన్నీ గీతలోకి వచ్చేశాయి. పది గీతలతో ఒక వీధి తయారు. బొంబాయి ఇళ్ల బాల్కనీల్లో మనుషులను కుక్కి కుక్కి నింపిన కార్టూనిస్టు మారియో మిరాండా పద్ధతి వేరు, బాపు పద్ధతి వేరు. ఆయన గోడ గీయడు, గోడకు ఆనుకున్న మనిషిని గీస్తాడు. గోడ దానంతట అదే లేస్తుంది. ఆ తరువాతి కాలంలో చిత్రకారులు మోహన్, చంద్ర హైదరాబాద్ పత్రికల్లో గీసిన మనుషులు ఎవరో ఊహించినవాళ్లు కాదు, చాయ్ హోటల్లో పక్క బల్ల మీద కూర్చున్నవాళ్లు.

మా ఉమ్మడి మెదక్ జిల్లా నుంచి వచ్చిన పేరు లక్ష్మా గౌడ్. 1940లో నిజాంపూర్‌లో పుట్టి, హైదరాబాద్ ఆర్ట్ కాలేజీలోనూ, బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గరా చదివారు. ఆయన ఇంకు గీతల్లో మేకలు, చెట్లు, మనుషులు ఒకరిలోంచి ఒకరు మొలుస్తారు. నగర భవనాల జోలికి ఆయన పెద్దగా పోలేదు. అయినా సన్నని నల్ల గీతను ఒకదాని పక్కన ఒకటి పేర్చి నీడ పుట్టించడం ఎలాగో మా వైపు పిల్లలకు చూపించాలంటే నేను ఆయన్నే చూపిస్తాను.

1995లో హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ (హుడా) తన నిబంధనల్లో 13వ నంబరు చేర్చి వారసత్వ కట్టడాలకు జాబితా తయారు చేసింది. ఆర్కిటెక్చర్ విద్యార్థులు టేపులు పట్టుకొని దేవిడీల్లోకి వెళ్లి కమాను వంపులు, డంగు సున్నం పూతలు, చెక్క జాలీలు కొలిచి గీశారు. 2015లో ఆ నిబంధనే ఎగిరిపోయింది, 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. 2019లో ఒక పాత భవంతి ఇర్రం మంజిల్‌ను పడగొట్టి కొత్త శాసనసభ కడతామన్నప్పుడు విషయం హైకోర్టుకు వెళ్లింది. సెప్టెంబరులో కోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. కట్టడం మిగిలింది.

ఈలోగా ఇంకో గాలి వీచింది. అమెరికాలోని సియాటిల్‌లో పత్రికకు బొమ్మలు వేసే గాబ్రియెల్ కాంపనారియో 2007లో అర్బన్ స్కెచర్స్ మొదలుపెట్టాడు. ముఖ్యమైన షరతు: ఫొటో చూసి కాదు, అక్కడే కూర్చుని, చూస్తూ గీయాలి. ఆ అలవాటు హైదరాబాద్‌కూ వచ్చింది. ఆదివారం పొద్దున ముడుచుకునే స్టూళ్లు, నీళ్ల సీసాలు, చిన్న రంగుల డబ్బాలతో చార్మినార్ దగ్గరో, కోఠిలోనో కూర్చునేవాళ్లు కనిపిస్తారు. వాళ్లలో ఉద్యోగులు, ఇంజనీర్లు, గృహిణులు ఉంటారు. ఎవరి కొలువూ లేదు, ఎవరి సర్వే కాదు. "దేనికి?" అంటే జవాబు లేని మొదటి తరం ఇదే కావచ్చు.

పని నేర్చుకుంటే తెలుస్తుంది, ఇది ఫొటో చేయలేని పని. లాడ్ బజారులో రెండు గంటలు కూర్చుంటే నీడ జరిగిపోతుంది. అందుకే ముందు నీడను గీసుకోవాలి, భవనం ఎక్కడికీ పోదు. నిలబడి గీస్తే, మనంత ఎత్తున్నవాళ్లు దగ్గరున్నా దూరమున్నా వాళ్ల తలలన్నీ ఒకే గీత మీదికి వస్తాయి. ఆ గీత దొరికితే యాభై మందిని అయిదు నిమిషాల్లో నింపేయొచ్చు. పొద్దున్నే వచ్చిన గాజుల బేరగాడు, గంట తర్వాత వచ్చిన తోపుడు బండి ఒకరినొకరు చూసుకోకపోయినా కాగితం మీద పక్కపక్కన ఉంటారు. చార్మినార్‌ను వైర్లన్నీ తీసేసి ముత్యంలా గీసేవాళ్ల మీద మాత్రం నాకు చిన్న కోపం. ఆ వైర్ల మీద వాలిన పావురాలు కూడా అదే ఊరివి.

అందరూ పాతబస్తీకే పోతారు. మా వైపు ఎవరూ రారు. కారణం తెలుసు: ఇక్కడ "చూడదగ్గది" ఏముంది అంటారు. సంగారెడ్డిలో 1796 నాటి జైలు ఉంది. 2016లో దాన్ని మ్యూజియం చేశారు, 500 రూపాయలు కడితే ఒక రోజు ఖైదీగా ఉండనిచ్చేవారు. అమీన్‌పూర్ చెరువు కుతుబ్‌షాహీల నాటిది. 2016లో జీవ వైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు పొందింది, దేశంలో ఆ గుర్తింపు దక్కిన మొదటి చెరువు అదే. పటాన్‌చెరు జైన శిల్పాలు హైదరాబాద్ మ్యూజియంలో ఉన్నాయి. వీటికి ఏదో ఒక జాబితాలో చోటు దొరికింది. దొరకనివి వేరే ఉన్నాయి: ఫ్యాక్టరీ షిఫ్టు వదిలాక సైకిళ్లు నిలిచే టిఫిన్ బండి, పొద్దున ఆరుకు కూలీలు పారలు పట్టుకొని నిలబడే అడ్డా, బోరు ఎండిన అపార్టుమెంటు ముందు ట్యాంకరు పైపు, కాంక్రీటు కోసం పేల్చగా సగం మిగిలిన గుండ్లు.

పోయిన ఆదివారం ఆ గుండ్లలో ఒకదాన్ని గీశాను. ఒక పక్క నాచు పట్టి నల్లగా, ఇంకో పక్క కొత్తగా పగిలి తెల్లగా ఉంది. పగిలిన వైపు సున్నంతో పెద్ద అక్షరాలతో రాసిన సర్వే నంబరు ఉంది. దాన్నీ వదలకుండా గీశాను.