గోమార్ల జ్వరమా, లీష్మానియాసిసా? ధరణికోట కుక్కల్లో రోగలక్షణాలు, రక్తపరీక్షలు: ఒక పరిశీలన

కుక్క తింటూనే చిక్కిపోతుంది. దవడ కింద, వెనక మోకాళ్ల వెనక బిళ్లలు కడతాయి. ఒకరోజు ముక్కు నుంచి రక్తం కారుతుంది. పరీక్ష చేయిస్తే గ్లాబ్యులిన్ పెరిగి, ఆల్బుమిన్ తగ్గి, రక్తహీనత బయటపడుతుంది. మధ్యధరా తీర దేశాల్లో పశువైద్యుడు ఈ వరుస చూడగానే లీష్మానియాసిస్‌ను అనుమానిస్తాడు. గుంటూరు ప్రాంతంలో కృష్ణాతీరాన ఉన్న ధరణికోటలో ఇలాంటి కుక్క కనిపిస్తే ముందు వెతకవలసింది గోమార్లు అంటించే ఎర్లిషియా కానిస్ అనే బ్యాక్టీరియాను. అలాగని లీష్మానియాను పూర్తిగా పక్కన పెట్టెయ్యకూడదు. రెండింటినీ విడదీసి చూపే తొలి పరీక్షలు పెద్ద ఖర్చుతో కూడినవీ కావు.

మధ్యధరా ప్రాంతంలో లీష్మానియా ఇన్‌ఫాంటమ్‌కు కుక్కే ప్రధాన ఆశ్రయం. కుక్కల్లో ఈ పరాన్నజీవిని 1908లో ట్యునిస్‌లో చార్లెస్ నికోల్ చూపించాడు. మన దేశంలో మనుషులకు వచ్చే లీష్మానియా జబ్బు కాలా అజార్ తీరు వేరు. బీహార్, ఝార్ఖండ్, పశ్చిమ బెంగాల్, ఉత్తరప్రదేశ్‌లలో లీష్మానియా డోనవాని ఇసుక ఈగ ద్వారా మనిషి నుంచి మనిషికే పాకుతుంది. గుంటూరు ప్రాంతం కూడా భాగంగా ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీ రాజధానిలోనే 1903లో చార్లెస్ డోనవన్ ఈ జీవిని గుర్తించాడు. అయినా ఆ జబ్బు కృష్ణాతీరంలో పాతుకుపోలేదు. ఇసుక ఈగలు మాత్రం ఆంధ్రలో ఉన్నాయి. 2003లో పిల్లల ప్రాణాలు తీసిన చండీపుర వైరస్ వ్యాప్తిలో అనుమానం వాటిమీదకే వెళ్లింది. ఈగ ఉన్నంత మాత్రాన పరాన్నజీవి ఉన్నట్టు కాదు.

గోమారి సంగతి అలా కాదు. మద్రాసు హంట్ వేటకుక్కల నెత్తుటిలో బబేసియా గిబ్సొని అనే మరో గోమారి పరాన్నజీవిని పాటన్ 1910లోనే వర్ణించాడు. అల్జీరియాలో 1935లో గుర్తించిన ఎర్లిషియా 1944 నాటికి మద్రాసు నుంచీ నమోదైంది. గోధుమరంగు కుక్కగోమారి పిల్లదశ నుంచి పెద్దదయ్యేదాకా కుక్కనే పట్టుకుంటుంది, మధ్యలో రాలి గోడ పగుళ్లలో దాక్కుంటుంది. ఎర్లిషియా దాని గుడ్లలోకి దిగదు. పిల్లదశలో జబ్బు కుక్కను కుట్టి తెచ్చుకున్నదే పెద్దదశలో మరో కుక్కకు అంటుతుంది. అందుకే చెవుల లోపల, కాలివేళ్ల సందుల్లో వెతకడంతో సరిపెట్టకుండా కుక్క పడుకునే పాకనూ చూడాలి.

ఇక లక్షణాలు. జ్వరం, నీరసం, బల్ల పెరగడం, చిగుళ్లు పాలిపోవడం రెండింటిలోనూ ఉంటాయి. తేడా చర్మం మీద తెలుస్తుంది. లీష్మానియాసిస్‌లో కళ్ల చుట్టూ వెంట్రుకలు ఊడి, ఒళ్లంతా తెల్లటి పొట్టు రాలుతుంది, గోళ్లు వంకర తిరిగి పెరుగుతాయి. ఎర్లిషియోసిస్‌లో పొట్ట చర్మం మీద, చిగుళ్ల మీద ఎర్రటి రక్తపు చుక్కలు కనబడతాయి. కంటి ముందుపొర మసకబారి ముఖం వాస్తే మూడో అనుమానం ట్రిపనోసోమా జీవి వల్ల వచ్చే సర్రా జబ్బు. ట్రిపనోసోమా జీవుల్లో కొన్ని లీష్మానియా యాంటీబాడీ పరీక్షను తప్పుదోవ పట్టిస్తాయి కాబట్టి సర్రాను మరవకూడదు.

గ్లాబ్యులిన్ సంఖ్య ఒక్కటే చూసి నిర్ణయానికి రావడం నా దృష్టిలో పెద్ద పొరపాటు. అది రెండు జబ్బుల్లోనూ పెరుగుతుంది. ప్లేట్‌లెట్లు బాగా పడిపోతే మొగ్గు ఎర్లిషియా వైపు. మూత్రంలో ప్రొటీన్ ఎక్కువగా, పట్టు వదలకుండా పోతూ చర్మమూ చెడితే మొగ్గు లీష్మానియా వైపు. యాంటీబాడీలు జబ్బు నయమయ్యాక కూడా నెలల తరబడి నిలుస్తాయి కనుక పాజిటివ్ రాగానే ఇప్పటి జబ్బుగా లెక్కకట్టలేం.

స్లైడులో జీవి కనబడితే ఈ చిక్కు వీడుతుంది. చెవి అంచున గుచ్చి తీసిన బొట్టుతో ఒక పూత, మోకాలి వెనక బిళ్లను రెండువేళ్ల మధ్య బిగించి సన్నసూదితో తీసిన ద్రవంతో మరొకటి. గీమ్సా రంగు వేసి ఆయిల్ కటకం కింద ఓపిగ్గా వెతకాలి. మోనోసైట్ లోపల ముదురు ఊదారంగు కణికల గుత్తి కనబడితే ఎర్లిషియా. మాక్రోఫేజ్‌లో రెండు నుంచి ఐదు మైక్రాన్ల కోలటి దేహాలు, ఒక్కోదానిలో కేంద్రకమూ పక్కనే చిన్న కడ్డీ కనబడితే లీష్మానియా. ఎర్లిషియా గుత్తులు చాలా స్లైడ్లలో చిక్కవు. కనబడలేదని జబ్బు లేదనడం తగదు, అక్కడ పీసీఆర్ కావాలి. స్టెరాయిడ్లు, యాంటీబయాటిక్స్ మొదలుపెట్టకముందే నమూనా తీసుకోవాలి.

ఎర్లిషియోసిస్‌కు డాక్సీసైక్లిన్ కిలో బరువుకు రోజుకు 10 మిల్లీగ్రాముల చొప్పున 28 రోజులు ఇస్తారు. ప్లేట్‌లెట్లు సాధారణంగా రెండు వారాల్లోపే పెరగడం మొదలవుతుంది. అవి పెరిగినా చర్మం, మూత్రం మారకపోతే, లేదా ఆ కుక్కను జబ్బు ఉన్న రాష్ట్రం నుంచో విదేశం నుంచో తెచ్చి ఉంటే, ఎముకమజ్జ నమూనాను గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాల వంటి చోటికి పంపి లీష్మానియా కోసం ప్రత్యేకంగా అడగాలి.