పాత పెంకుటిల్లు కూల్చుతున్నారా?.. ముందు కలప కొలవండి

అమలాపురం: గోదావరి డెల్టా గ్రామాలలో మండువా లోగిళ్లు, పెంకుటిళ్లు ఒక్కొక్కటిగా నేలమట్టమవుతున్నాయి. 1996 నవంబరు తుపానును తట్టుకుని నిలిచిన ఇళ్లు సైతం వారసులు పట్టణాలకు తరలిపోవడంతో తాళాలు పడి శిథిలమవుతున్నాయి. పెంకు పగిలిన చోట వాన దిగుతుంది. మండువా నీరు బయటకు పోయే తూము పూడుకుపోతే మట్టిగోడ అడుగు నానుతుంది. నానిన గోడ పైబరువు మోయలేక ఒరుగుతుంది. అటువంటి ఇంటిని వర్షాకాలానికి ముందే తొలగించడం ఇంటివారికీ, ఇరుగుపొరుగువారికీ క్షేమం. అయితే కూల్చివేత అంటే కేవలం ఖర్చేనని భావించి, ‘ఉచితంగా కూల్చి స్థలం శుభ్రం చేసి ఇస్తాం’ అనే గుత్తదారుకు ఇల్లు అప్పగించేవారు అంతకు మించిన విలువ గల కలపను కోల్పోయే ప్రమాదం ఉంది.

మార్గాలు మూడు

మొదటిది, పూర్తిగా కూలీలతో విప్పించడం. పెంకులు, రీపర్లు, వాసాలు, దూలాలు, ద్వారబంధాలు చెక్కుచెదరకుండా చేతికి వస్తాయి. రోజులు ఎక్కువ పడతాయి, కూలి ఖర్చూ ఎక్కువే. జేసీబీ వెళ్లలేని ఇరుకు సందులలోని ఇళ్లకు, పొరుగువారితో ఉమ్మడి గోడ ఉన్న ఇళ్లకు ఇదే శరణ్యం.

రెండవది, మొత్తం జేసీబీతో పడగొట్టించడం. ఒకటి రెండు రోజులలో పని ముగుస్తుంది. కానీ పెంకులు పిండి అవుతాయి, దూలాలు విరుగుతాయి, కలప మట్టిలో కలిసిపోతుంది. చెదపట్టి పనికిరాని కలప ఉన్న ఇళ్లకు మాత్రమే ఈ పద్ధతి లాభదాయకం.

మూడవది, పైకప్పును, కలపను కూలీలతో దింపించి, గోడలను, పునాదిని యంత్రంతో తీయించడం. చేవగల కలప ఉన్న ఇళ్లకు ఎక్కువగా ఇదే అనువైనది.

వీటికి ముందు ఆలోచించదగినది మరొకటి ఉంది. గోడలు నిటారుగా ఉండి కప్పు మాత్రమే దెబ్బతిన్నట్లయితే కొత్త పెంకు వేయించి మరమ్మతు చేయించడం చౌకగా తేలవచ్చు. చెన్నై సమీపంలోని దక్షిణచిత్రలో పాత ఇళ్లను విడదీసి తరలించి, తిరిగి నిలబెట్టి ప్రదర్శిస్తున్నారు. పాత కలపకు మరో జీవితం ఉందనడానికి అదే నిదర్శనం.

లెక్క వేసుకోవడం ఇలా

40 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు గల ఇంటికి బయటి గోడల చుట్టుకొలత 140 అడుగులు. ఎత్తు 10 అడుగులు, మందం అడుగున్నర అయితే 2,100 ఘనపుటడుగుల మట్టి వస్తుంది. దీని బరువు సుమారు 100 టన్నులు. లోపలి గోడలు దీనికి అదనం. కూల్చిన తరువాత మట్టి గుల్లబారి దాదాపు 3,000 ఘనపుటడుగులు అవుతుంది. ట్రాక్టరుకు 100 ఘనపుటడుగుల చొప్పున 30 ట్రిప్పులు కావాలి.

ఉదాహరణకు కూలి రోజుకు రూ.800, జేసీబీ గంటకు రూ.1,200, ట్రాక్టరు ట్రిప్పుకు రూ.600 అనుకుందాం. కప్పు దింపడానికి 20 పనిదినాలకు రూ.16,000, ఎనిమిది గంటల జేసీబీకి రూ.9,600, ముప్పై ట్రిప్పులకు రూ.18,000. మొత్తం రూ.43,600. ఇందులో అన్నింటికంటే పెద్ద పద్దు మట్టి తరలింపే. కొత్త ఇంటి అరుగు మెరకకు, దొడ్డిలోని పల్లానికి సగం మట్టిని వాడుకుంటే రూ.9,000 మిగులుతుంది.

ఇక రాబడి. 12 అడుగుల పొడవు, 9 అంగుళాల ఎత్తు, 6 అంగుళాల మందం గల దూలంలో నాలుగున్నర ఘనపుటడుగుల కలప ఉంటుంది. అటువంటి ఆరు దూలాలకు 27 ఘనపుటడుగులు. పాత టేకు ఘనపుటడుగు రూ.1,500 పలికినా దూలాల విలువే రూ.40,500. స్తంభాలు, ద్వారబంధాలు, తలుపులు, సుమారు రెండు వేల బంగాళా పెంకులు దీనికి అదనం. అంటే ‘ఉచితం’ అన్న ఒప్పందంలో ఇంటివారే ఎదురు చెల్లిస్తున్నట్లు లెక్క. తాటి దూలాలకు ఇంత ధర ఉండదు. ఈ ధరలు ఊరిని బట్టి, కాలాన్ని బట్టి మారుతాయి. స్థానిక ధరలతో ఇదే లెక్క వేసుకుని, కనీసం ఇద్దరు కలప వ్యాపారులను విచారించిన తరువాతే బేరం కుదుర్చుకోవాలి. ఏ వస్తువు ఎవరికి చెందుతుందో, పునాది రాళ్లు తీయడం గుత్తలో ఉందో లేదో కాగితంపై రాసుకోవాలి.

ముందుగా చేయవలసినవి

ఇల్లు ఉమ్మడి ఆస్తి అయితే వాటాదారులందరి సమ్మతిని లిఖితపూర్వకంగా తీసుకోవాలి. పని మొదలయ్యాక ఒక్కరు అభ్యంతరం చెప్పినా వ్యవహారం కోర్టుకు చేరవచ్చు. పంచాయతీ కార్యదర్శికి తెలియజేసి, ఇంటి పన్ను మార్పునకు దరఖాస్తు ఇవ్వాలి. విద్యుత్ సిబ్బందితో సర్వీసు తీగను తొలగింపజేయాలి. స్విచ్చి ఆపి ఊరుకోవడం చాలదు. పొరుగు గోడల పగుళ్లను ముందే ఫొటోలు తీయించి ఉంచితే తరువాతి తగవులు తప్పుతాయి. టేకు కలపను వేరే ఊరికి తరలించేముందు అటవీశాఖ రేంజి కార్యాలయంలో అనుమతి గురించి విచారించుకోవాలి.

ప్రాణాలు జాగ్రత్త

కట్టిన వరుసకు వ్యతిరేక క్రమంలో, పై నుంచి కిందకు విప్పాలన్నది కూల్చివేతకు మూలసూత్రం. భారత ప్రమాణాల సంస్థ ఈ పనుల భద్రతకు ఐఎస్ 4130 నియమావళిని రూపొందించింది. పెంకులను రెండు వాలుల నుంచీ సమానంగా దింపాలి. ఒకవైపే దింపితే కప్పు రెండో వైపునకు ఒరుగుతుంది. గోడ అడుగు తవ్వి పడదోయడం అత్యంత ప్రమాదకరం. ఆధారం లేని గోడను రాత్రికి అలాగే వదిలి వెళ్లరాదు. పాత మరుగుదొడ్డి గుంత, పూడ్చిన నుయ్యి ఎక్కడున్నాయో జేసీబీ డ్రైవరుకు ముందే చూపించాలి. వసారాకు ఆస్‌బెస్టాస్ సిమెంటు రేకులు ఉంటే వాటిని తడిపి, పగలగొట్టకుండా విప్పాలి. వాటి ధూళి ఊపిరితిత్తులకు హానికరం. అటకలు, పెంకుల సందులలో పాములు, తేళ్లు ఉండే అవకాశం ఉన్నందున చేతి తొడుగులు, బూట్లు తప్పనిసరి.

నిధి దొరికితే

గోడలో గాని, నేలలో గాని పది రూపాయలకు మించిన విలువ గల నిధి దొరికితే 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం జిల్లా కలెక్టరుకు లిఖితపూర్వకంగా తెలియజేయాలి. దాచిపెట్టినవారికి ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు.

పనికి వేసవి అనుకూలమైన కాలం. జూన్‌లో నైరుతి రుతుపవనాలు ప్రవేశించేలోగా కప్పు దింపి, కలపను గాలి తగిలే నీడలో, నేలకు తగలకుండా ఇటుకలపై పేర్చుకోవాలి. వెంటనే అమ్మకపోయినా కొత్త ఇంటి గుమ్మాలకు, కిటికీలకు ఆ కలపే పనికివస్తుంది.