ఆపిన బిళ్ళ ఎటు పోవాలి: గోల్‌కీపర్ విద్య పెరిగిన తీరు

ఐస్ హాకీ గోలు ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు గల చిన్న ద్వారం. దానిమీదికి వచ్చేది పక్ అనే మూడంగుళాల వ్యాసం గల గట్టి రబ్బరు బిళ్ళ. దాన్ని ఆపడంతో గోల్‌కీపర్ పని తీరదు. అతనికి తగిలి వెనక్కి ఎగిరే బిళ్ళను రీబౌండ్ అంటారు, అది ప్రత్యర్థి కర్ర ముందు పడిందంటే మొదటి దెబ్బకన్నా రెండో దెబ్బే ప్రమాదం, ఎందుకంటే అప్పటికి గోల్‌కీపర్ ఒక పక్కకు ఒరిగో, మోకాళ్ళమీదో ఉంటాడు. కె.సి. కాలువ కింద దువ్వూరు పొలాల్లో నీళ్ళు కట్టే రైతుకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు: నీటికి అడ్డం వేయడం ఎవరికైనా వస్తుంది, అడ్డం పడిన నీరు ఏ మడిలోకి మళ్ళాలో చూసుకోవడంలోనే నేర్పంతా ఉంది.

1875 మార్చి 3న మాంట్రియల్‌లో, పైకప్పు కింద, మంచుపై హాకీ ఆడిన నాటికి గోల్‌కీపర్‌కు ప్రత్యేకమైన తొడుగులు లేవు. 1896లో స్టాన్లీ కప్ పోటీకి విన్నిపెగ్ గోల్‌కీపర్ వైటీ మెరిట్ క్రికెట్ ప్యాడ్లు కట్టుకుని దిగాడు. క్రికెట్ ప్యాడు కాలి చుట్టూ గుండ్రంగా వంగి ఉంటుంది కనుక, దానికి తగిలిన బిళ్ళ ఎటు జారుతుందో చెప్పడం కష్టం, ఒక్కోసారి గోలులోకే జారిపోతుంది. ఈ లోపాన్ని గమనించి 1920లలో హామిల్టన్‌కు చెందిన తోలు పనివాడు పాప్ కెనెస్కీ పన్నెండంగుళాల వెడల్పున, లోపల దట్టంగా కూరిన ప్యాడ్లు కుట్టాడు. రీబౌండును అదుపు చేసే ప్రయత్నం ఆటగాడి ఒంటికన్నా ముందు తోలుపనివాడి సూది దగ్గర మొదలైందనడం అతిశయోక్తి కాదు.

నియమాలూ ఆ విద్యను మలిచాయి. 1917లో ఏర్పడిన నేషనల్ హాకీ లీగ్‌లో గోల్‌కీపర్ బిళ్ళను ఆపడానికి కిందపడటం మొదట నేరం. ఒట్టావా గోల్‌కీపర్ క్లింట్ బెనెడిక్ట్ జారిపడినట్టు పదేపదే మోకాళ్ళమీద వాలుతుంటే అడ్డుకోవడం సాధ్యం కాక, 1918 జనవరిలో ఆ నిషేధాన్ని ఎత్తివేశారు. మోకాళ్ళు మంచుకు ఆనించి, పిక్కలను రెండు పక్కలకు చాపే పద్ధతిని సీతాకోకచిలుక పేరుతో ‘బటర్‌ఫ్లై’ అంటారు; గ్లెన్ హాల్ దాన్ని ప్రసిద్ధికి తెచ్చాడు, 1980లలో శిక్షకుడు ఫ్రాంస్వా అలేర్ సహాయంతో పాట్రిక్ రువా శాస్త్రంగా తీర్చాడు. ఈ పద్ధతిలో గోలు కింది భాగం మూసుకుపోతుంది, ప్యాడుకు తగిలిన బిళ్ళను మూలలవైపు నెట్టడమూ వీలవుతుంది. డొమినిక్ హషెక్ దారి పూర్తిగా వేరు: అవసరమైతే కర్రను వదిలేసి చేత్తోనే బిళ్ళను మంచుకు అదిమిపట్టి, రీబౌండుకే చోటు లేకుండా చేసేవాడు. మార్టిన్ బ్రోడర్ కాళ్ళమీద నిలబడటానికే మొగ్గు చూపి, చిక్కిన బిళ్ళను కర్రతో తనవారికి అందించేవాడు. రువా, హషెక్, బ్రోడర్ ముగ్గురూ మహామహులే, అయినా వారి రీబౌండ్లు ఒక తీరున ఉండవు.

ఈ తేడా బాగా బయటపడేది జట్టులో మనిషి తగ్గినప్పుడు. తప్పు చేసిన ఆటగాడు సాధారణంగా రెండు నిమిషాలు బయట కూర్చోవాలి, మిగిలినవారు ఆ లోటుతోనే ఆడాలి. 1955 నవంబరు 5న బోస్టన్ ఆటగాళ్ళు ఇద్దరు శిక్షలో ఉండగా మాంట్రియల్‌కు చెందిన జాన్ బెలివో 44 సెకన్లలో మూడు గోల్స్ కొట్టాడు. అంతవరకు ఎన్ని గోల్స్ పడినా శిక్ష పూర్తికావలసిందే. 1956 నుంచి ఒక గోలు పడగానే చిన్న శిక్ష ముగిసే నియమం వచ్చింది. కబడ్డీలో ముగ్గురో అంతకు తక్కువో మిగిలినప్పుడు కూతకు వచ్చినవాణ్ణి పట్టుకుంటే రెండు పాయింట్లు ఇవ్వడంలోనూ ఇదే వివేకం ఉంది: తక్కువమందితో కాపాడటం వేరే తూకం గల పని. మనిషి లోటున్నప్పుడు రీబౌండును ఊడ్చేసే తోటివాడు దగ్గర ఉండడు, ప్రత్యర్థులు ఎదుట నిలిచి చూపును కప్పేస్తారు. అందువల్ల వచ్చిన దెబ్బల్లో ఎన్ని ఆపాడో చెప్పే శాతం దాదాపు ప్రతి గోల్‌కీపర్‌కూ ఆ వేళల్లో పడిపోతుంది. అయితే ఆ వేళలు కొద్ది, దెబ్బలూ కొద్ది కనుక ఒక్క ఏడాది అంకెను పట్టుకుని ఎవరినీ గొప్పవాడనో చేతకానివాడనో అనడం న్యాయం కాదు.

మైదానపు హాకీలో మనిషి లోటూ, గోల్‌కీపర్ నేర్పూ ఒకేచోట కనబడిన ఘట్టం 2024 ఆగస్టు 4నాటి పారిస్ ఒలింపిక్ క్వార్టర్ ఫైనల్. 17వ నిమిషంలో అమిత్ రోహిదాస్ ఎర్రకార్డుతో బయటికి వెళ్ళాక భారత జట్టు మిగిలిన ఆటంతా పదిమందితో ఆడి, బ్రిటన్‌ను 1-1 వద్ద నిలిపి, షూటౌట్‌లో 4-2తో గెలిచింది. ఆనాడు గోలులో ఉన్నది శ్రీజేష్.

రాయలసీమకు ఈ విద్యలో సొంత పేరు రజని ఎతిమరపు. అప్పటి చిత్తూరు జిల్లా యర్రావారిపాళెం మండలం నుంచి వచ్చి భారత మహిళల జట్టు గోలు కాచింది. అయిదుగురేసి ఆడే హాకీ ఫైవ్స్‌లో మైదానం చుట్టూ చెక్కలుంటాయి, ఐస్ హాకీలో వలెనే బంతి వాటికి తగిలి తిరిగి ఆటలోకి వస్తుంది, కాబట్టి గోల్‌కీపర్ తన ప్యాడునే కాదు, గోడనూ లెక్కలోకి తీసుకోవాలి. 2024 జనవరిలో మస్కట్‌లో జరిగిన ఆ ఆట తొలి మహిళల ప్రపంచకప్‌లో భారత జట్టుకు నాయకత్వం వహించింది రజనియే. ఫైనల్‌లో నెదర్లాండ్స్ చేతిలో 7-2తో ఓడి, ఆ జట్టు రెండో స్థానంతో తిరిగివచ్చింది.