వ్యాసపీఠం

పురాణ పఠనంలో గ్రంథాన్ని నిలిపే మడత చెక్కపీట. తెరిస్తే కత్తెర ఆకారంలో నిలుస్తుంది. మూస్తే మళ్లీ పలకే. ముస్లిం ఇళ్లలో దీన్ని రెహల్ అంటారు. పాశ్చాత్య సంగీతజ్ఞులు స్వరపత్రాల కోసం వాడే స్టాండుకు మన దగ్గర దగ్గరి బంధువు ఇదే.

అసలు నేర్పంతా బందులో ఉంది. మేకు, జిగురు, అతుకు ఏవీ ఉండవు. చిత్రిక పట్టిన ఒకే పలకపై, పొడవులో మూడోవంతు దగ్గర అడ్డంగా గీత గీసి, అక్కడ ఒకటి విడిచి ఒకటిగా కణుపులను రెండు వైపుల నుంచి ఉలితో సగం మందం వరకు గుండ్రంగా తొలుస్తారు. తర్వాత రెండు కొనల నుంచీ మందాన్ని రంపంతో నిలువుగా చీల్చి ఆ గీత దాకా వస్తారు. లెక్క వెంట్రుకవాసి తప్పినా పలక విరుగుతుంది.

టేకు, పనస అనుకూలం. బొబ్బిలి వీణలూ పనసవే. కోనసీమలో కొబ్బరికి కొదవ లేదు గానీ, దాని పీచు మాను సన్నని చెక్కడానికి లొంగదు. అక్కడి సఖినేటిపల్లి మండలంలోని అంతర్వేది ఆలయ రథం 2020 సెప్టెంబరులో కాలిపోగా, 2021లో వచ్చిన కొత్తదీ టేకుదే.

అలంకారానికి మెలికల ముగ్గు చక్కగా కుదురుతుంది. చుక్కలను చుట్టి మొదలైన చోటికే చేరే ఆ గీతకు, క్రీ.శ. 800 ప్రాంతపు ఐర్లండ్ 'బుక్ ఆఫ్ కెల్స్'లోని కెల్టిక్ ముడులకు పోలిక ఆశ్చర్యం కలిగిస్తుంది. ముగ్గులో లేనిది పైకీ కిందికీ అల్లిక: అది రావాలంటే చెక్కేటప్పుడు ప్రతి కూడలిలో కింది పోగును కాస్త లోతుగా తీయాలి.